అర ఎకరంలో ఫుడ్ ఫారెస్ట్: మొక్కల కంటే ముందు మనుషుల్ని లెక్కపెట్టండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఇళ్ల పక్కన అర ఎకరం ఉమ్మడి స్థలం ఖాళీగా ఉంది. అందరూ కలిసి ఫుడ్ ఫారెస్ట్, అంటే అడవిలా అంచెలంచెలుగా పెరిగే తిండి మొక్కల తోట, పెంచుదామని అరవై కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఒకే రోజు 600 మొక్కలు నాటాలని ప్లాన్. మూడేళ్లు చూసుకుంటే చాలు, తర్వాత దానంతట అదే అడవిలా పెరుగుతుందని ఎవరో చెప్పారు. అది నిజమేనా, ఏ మొక్కలు పెట్టాలి, కాసిన పండ్లు ఎవరికి చెందాలి అన్నవి మీ ప్రశ్నలు.

సూటిగా చెప్తాను. 600 వద్దు. ఒకే రోజు అసలే వద్దు. మూడేళ్ల మాట సగమే నిజం. పండ్లు ఎవరివన్న ప్రశ్న మీరు ఆఖర్న అడిగారు గానీ, అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

పదిహేనేళ్లుగా ఇలాంటి ఉమ్మడి తోటల చుట్టూ తిరుగుతున్నాను. మొదటిది నా చేతుల్లోనే పోయింది. నాటిన రోజు పండగలా జరిగింది. పిల్లలు, పెద్దలు, ఫోటోలు, ఒక్కో మొక్కకూ నాటినవాళ్ల పేరుతో ఒక చీటీ. ఎనభై మందికి తక్కువ లేరు. రెండో నెలకు ఇరవై మంది వచ్చారు. ఎండలు ముదిరేసరికి నలుగురం మిగిలాం. వానలు పడ్డాక మొక్కల కంటే ఎత్తుగా గడ్డి లేచింది. గడ్డి పక్కకు తోసి మొక్కల్ని వెతుక్కుంటే చాలాచోట్ల పేరు రాసిన చీటీ దొరికింది, మొక్క దొరకలేదు. ఎన్ని బతికాయో లెక్కపెట్టుకుంటూ వెళ్తుంటే ఒక విషయం కనిపించింది. బతికినవన్నీ కుళాయికి తగిలించిన పైపు అందేంత దూరంలో ఉన్నవే. జాతి మంచిదా, గుంత లోతుగా తవ్వామా, ఎరువు ఎంత వేశాం, ఇవేవీ పనికి రాలేదు. పైపు ఎంతవరకు అందిందో తోట అంతవరకే మిగిలింది.

అప్పటి నుంచి ఎవరు స్థలం చూపించినా మొదట ఒక లెక్క వేయిస్తాను. మొదటి ఎండాకాలంలో ఒక పండ్ల మొక్కకు వారానికి కనీసం 20 లీటర్ల నీళ్లు కావాలి. ఇసుక నేల అయితే, ఎండ బాగా మండే చోటైతే ఇంకా ఎక్కువే. 40 మొక్కలంటే వారానికి 800 లీటర్లు, పది లీటర్ల బకెట్లతో 80 బకెట్లు. నలుగురు మనుషులు ఒక ఉదయం పూట కానిచ్చేస్తారు. మీరు అనుకుంటున్న 600 మొక్కలకు 12,000 లీటర్లు, అంటే 1,200 బకెట్లు. అది కూడా ప్రతి వారం. డ్రిప్ వేస్తాం అంటారేమో, తప్పకుండా వేయండి. కానీ డ్రిప్ పైపును ఎలుక కొరుకుతుంది, రంధ్రాల్లో ఉప్పు పేరుకుంటుంది, ఎవరో నడుస్తూ కాలితో తన్ని ఊడదీస్తారు. నీళ్లు పడుతున్నాయో లేదో వారానికోసారి లైను వెంట నడిచి చూసే మనిషి ఎలాగూ కావాలి.

అందుకే ముందు మనుషుల్ని లెక్కపెట్టమంటాను. అరవై కుటుంబాలు చెయ్యెత్తాయంటే అరవై జతల చేతులు వస్తాయని కాదు. పరీక్షల సీజన్లో, పండగ సెలవుల్లో, బాగా ఎండగా ఉన్న వారంలో కూడా వచ్చేవాళ్లు ఎంతమంది? ఎనిమిది మంది తేలితే అదృష్టమే. మొదటి మూడేళ్లలో క్రమం తప్పకుండా వచ్చే ఒక మనిషి రెండు సెంట్ల నేలను చక్కగా చూసుకోగలడన్నది నా కాకిలెక్క. ఆ ప్రకారం ఎనిమిది మందికి 16 సెంట్లు. మీ 50 సెంట్లలో మొదటి ఏడాది అంతకు మించి ముట్టుకోకండి. మిగతా నేలలో జనుమో జీలుగో అలసందో చల్లి పూతకు రాగానే కోసి అక్కడే పరచండి. నేల ఖాళీగా ఉండదు, మట్టి బాగుపడుతుంది, మీ మీద భారం పడదు.

అమెరికాలో పెద్ద పేరు తెచ్చుకున్నవి కూడా ఇలా మెల్లగా మొదలైనవే. సియాటెల్‌లోని బీకన్ ఫుడ్ ఫారెస్ట్ గురించి మీరు వినే ఉంటారు. 2009లో ఒక పర్మాకల్చర్ (ప్రకృతి తీరును చూసి తోటలు, పొలాలు రూపొందించే పద్ధతి) కోర్సులో నేర్చుకునేవాళ్లు గీసిన డిజైన్‌తో అది మొదలైంది. మట్టిలో పార దిగింది 2012లో. నడుమ మూడేళ్లూ పోయింది మీటింగులకు, చుట్టుపక్కల వాళ్లను అడగడానికి, అనుమతులకు. స్థలం మొత్తం ఏడెకరాలు ఉన్నా మొదటి దశలో చేపట్టింది రెండెకరాల లోపే. అట్లాంటాలోని బ్రౌన్స్ మిల్‌లో ఉన్న ఫుడ్ ఫారెస్ట్ 7.1 ఎకరాలు. అది ఒకప్పుడు పీకన్ అనే గింజల చెట్ల తోట. అక్కడ ఎప్పుడో పెరిగిన చెట్లు అప్పటికే నీడ ఇస్తూ ఉన్నాయి. మీ స్థలంలో కూడా ఏ పాత చెట్టయినా ఉంటే దాన్ని కొట్టేసి చదును చేయకండి. అది పదిహేనేళ్ల పని, ఉచితంగా వచ్చింది.

ఇక అసలు ఫుడ్ ఫారెస్ట్ అంటే ఏమిటన్నది తేల్చుకుందాం. మీ ప్లాన్ చూస్తే రెండు వేర్వేరు పద్ధతులు కలిసిపోయాయని నా అనుమానం. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకీ పేరుతో పిలిచే పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కల చొప్పున చిక్కగా నాటుతారు. ఆ నేలకు సహజమైన జాతులు వెలుతురు కోసం పోటీ పడి నిటారుగా పైకి లేస్తాయి. రెండు మూడేళ్ల తర్వాత మనిషి చెయ్యి పెద్దగా అక్కర్లేదనే మాట అక్కడిది. అది అడవి కోసం చేసే పని, తిండి కోసం కాదు. అంత చిక్కదనంలో పండ్ల చెట్టు పందిరిలా విచ్చుకోదు, పూత తగ్గుతుంది, కాసిన కాయ కూడా చేతికందని ఎత్తులో ఉంటుంది. కోయడానికి లోపలికి వెళ్లే దారే ఉండదు. మీ 600 మొక్కలు మియావాకీకి చాలా తక్కువ, పండ్ల తోటకు చాలా ఎక్కువ.

ఫుడ్ ఫారెస్ట్‌లో చూడాల్సింది ఎత్తుల అమరిక. పైన పెద్ద చెట్టు, దాని కింద చిన్న చెట్టు, ఆ కింద పొద, ఆకుకూరల్లాంటి మెత్తని మొక్కలు, నేలను కప్పే తీగ, నేల లోపల దుంప, చెట్లను పట్టుకుని పాకే తీగ. ఈ ఏడు అంచెల లెక్కను పుస్తకాలకెక్కించింది రాబర్ట్ హార్ట్ అనే ఇంగ్లిష్ ఆయన. ఇంగ్లండ్‌లో వెన్‌లాక్ ఎడ్జ్ దగ్గర ఆయన తోట ఎంతో తెలుసా? సుమారు 12 సెంట్లు. అంతే! ఆయనకు ఆ ఆలోచన రావడానికి కేరళ, జావా పెరటి తోటలు కూడా కారణమే. కిలిమంజారో దక్షిణ వాలు మీద చాగ్గా ప్రజలు పెద్ద చెట్ల నీడలో అరటి, అరటి నీడలో కాఫీ పండించడం తరతరాలుగా ఉన్నదే. పేరు కొత్తది గానీ పని పాతది. ఒక్క తేడా ఉంది. పెరటి తోటకు ఒక ఇంటివాళ్లు ఉంటారు. పొద్దున్నే లేచి బయటికి వస్తే తోట కనబడుతుంది, వాడిన మొక్క కంట పడుతుంది. ఉమ్మడి తోటకు ఆ చూపు లేదు. అది మనం కావాలని ఏర్పాటు చేసుకోవాలి.

అర ఎకరం అంటే దాదాపు 2,000 చదరపు మీటర్లు. ఎదిగిన పెద్ద చెట్టు కొమ్మలు 8 మీటర్ల వెడల్పున పరుచుకుంటాయనుకుందాం. ఒక్కోటి 50 చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. అలాంటివి 12 పెడితే 600 చదరపు మీటర్లు పోయాయి. నాలుగు మీటర్ల వెడల్పు వచ్చే చిన్న చెట్లు 30 పెడితే ఇంకో 380 దాకా. సగం స్థలం అయిపోయింది. మిగిలిన సగం దారులకు, ఎండకు, కూర్చునే చోటుకు, ఎరువు కుప్పకు. అంటే పూర్తయ్యాక కూడా మీ స్థలంలో చెట్లు నలభై రెండో నలభై ఐదో. మిగతావన్నీ పొదలు, తీగలు, దుంపలు, ఆకుకూరలు. ఎండ ఏటవాలుగా పడే చల్లని దేశాల్లో ఇంకా ఎడం కావాలి. ఉత్తరార్ధ గోళంలో పెద్ద చెట్లను ఉత్తరం వైపు పెట్టి, పొట్టివాటిని దక్షిణం వైపు దించుకుంటూ రండి. అప్పుడు పెద్దవాటి నీడ చిన్నవాటి మీద తక్కువగా పడుతుంది. కాగితం మీద మొక్క సైజులో చుక్క పెట్టకండి. ఎదిగిన చెట్టు సైజులో సున్నా చుట్టండి. చేతిలో పట్టే మామిడి అంటును చూసి మనం పదేళ్ల తర్వాతి చెట్టును ఊహించలేం. కంపాస్ పెట్టి గీస్తే అదే తెలుస్తుంది.

ఏ మొక్కలు అన్నదానికి జాబితా ఇవ్వను. మీ వాతావరణం, నీళ్లు, మట్టి చూడకుండా ఇచ్చే జాబితా వల్ల నర్సరీ వాళ్లకే లాభం. ఎలా ఎంచుకోవాలో చెప్తాను. ఒకటి, చుట్టుపక్కల పట్టించుకునేవాళ్లు లేకుండానే కాస్తున్న చెట్లేవో తిరిగి చూడండి. వాటితోనే మొదలుపెట్టండి. రెండు, పెద్ద పండ్ల చెట్లు అంటువే తెచ్చుకోండి. మామిడి అంటు మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెడితే విత్తనం నుంచి పెరిగింది ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. పైగా కాయ తల్లి చెట్టుది లాగే ఉంటుందన్న నమ్మకం లేదు. మూడు, జత కావాల్సినవి ఏవో కనుక్కోండి. కివీలో మగ తీగ, ఆడ తీగ వేరు. ఆపిల్‌లో చాలా రకాలకు పక్కన ఇంకో రకం ఉండాలి. బొప్పాయిలో కొన్ని రకాల్లో మగ చెట్లు వస్తాయి కాబట్టి ఒక్కో చోట మూడేసి మొక్కలు పెట్టి పూత వచ్చాక తీసేయాల్సినవి తీసేస్తారు. నల్ల వాల్‌నట్ లాంటి చెట్టు వేర్ల నుంచి జుగ్లోన్ అనే పదార్థం వస్తుంది. దాని పక్కన టమాటా బతకదు.

తొందరగా తినగలిగినవి మొదటి ఏడాదే కొన్ని ఉండాలి. ఇది వ్యవసాయం కోసం కాదు, జనం కోసం. నాటిన ఎనిమిది నెలలకు ఒక బొప్పాయి పండు కోసి పదిమందీ ముక్క తింటే, మర్నాడు నీళ్లు పట్టడానికి ఇద్దరు ఎక్కువ వస్తారు. వేడి ప్రాంతాలైతే బొప్పాయి, అరటి, మునగ, కంది, చిలగడదుంప ఈ పని చేస్తాయి. చల్లని ప్రాంతాల్లో స్ట్రాబెర్రీ, రాస్‌బెర్రీ లాంటివి.

నాటే ముందు రెండు గుంతలు తవ్వండి. ఒకటి స్థలంలో ఎత్తున్న చోట, ఒకటి పల్లంలో. అడుగు లోతు, అడుగు వెడల్పు చాలు. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి ఈసారి టైం చూడండి. కొన్ని గంటల్లో ఇంకితే బాగుంది. పోసిన కాసేపటికే మాయమైతే ఇసుక నేల, సేంద్రియ పదార్థం బాగా పడాలి. మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఆ చోట గుంతలో నాటొద్దు, మట్టి గుట్ట చేసి దాని మీద నాటండి. బొప్పాయి వేర్ల చుట్టూ రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, చెట్టు చేతికి రాదు. వాన నీటి కోసం వాలుకు అడ్డంగా కందకాలు తవ్వుతుంటారు, వీడియోల్లో చూస్తే చాలా ముచ్చటగా ఉంటుంది. బంక నేలలో కందకం ఒడ్డునే మొక్క పెడితే అదే దాని గొయ్యి అవుతుంది.

నగరంలో స్థలమైతే మట్టి పరీక్షలో సీసం కూడా చూడమని అడగండి. పాత పెయింటు, ఒకప్పటి సీసం కలిసిన పెట్రోలు, కూలగొట్టిన కట్టడాల చెత్త, వీటి నుంచి చేరిన సీసం ఎన్నేళ్లయినా మట్టిలోనే ఉంటుంది. చెట్టు కాయల్లోకి అది చేరేది చాలా తక్కువ. ఆకుకూరలకు, దుంపలకు మట్టి అంటుకుని ఉంటుంది కాబట్టి ప్రమాదం వాటితోనే. సీసం ఎక్కువ తేలిందంటే ఆకుకూరలు, దుంపలు బయటి నుంచి తెచ్చిన మట్టితో ఎత్తైన మడుల్లో పెంచండి. పిల్లలు ఆడే చోట వట్టి మట్టి కనబడకుండా కప్పండి.

మల్చింగ్, అంటే మొక్క చుట్టూ నేలను ఆకులు, పొట్టు లాంటివి పరిచి కప్పడం గురించి అందరూ చెప్తారు, తప్పు కూడా అందరూ ఒకటే చేస్తారు. ఒకసారి ఒక తోటలో రెండేళ్ల జామ చెట్టు నీళ్లు సరిగ్గా పడుతున్నా ఆకులు పసుపు తిరిగి రాలుతోందని పిలిచారు. చూస్తే మొదలు చుట్టూ ఎండుటాకులు, రంపపు పొట్టు మోకాలెత్తు పోశారు, ప్రేమగా. వంగి చేత్తో పక్కకు తీశాను. లోపల వేడిగా, చెమ్మగా ఉంది. మొదలు దగ్గర బెరడు వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగింది, పులిసిన వాసన. చుట్టూ మూడొంతులు కుళ్లిపోయింది. ఆ చెట్టు బతకలేదు. నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం పరవండి, మొదలు చుట్టూ జానెడు వెడల్పు వట్టి నేల వదిలేయండి. గిన్నెలా ఉండాలి గానీ గోపురంలా కాదు. అట్టపెట్టెలు పరిచి గడ్డిని చంపొచ్చు అంటారు. మామూలు కలుపుకు బాగానే పనిచేస్తుంది. గరిక, తుంగ ఉన్న నేలలో మాత్రం నమ్ముకోవద్దు. తుంగ మొలక సూదిలా అట్టను పొడుచుకుని వస్తుంది. గరిక కింది నుంచి పాకుతూ వెళ్లి అట్ట అంచున తలెత్తుతుంది. గరిక నీడను తట్టుకోలేదు. అందుకే నీడ వచ్చేదాకా దాన్ని తవ్వి తీయడం తప్ప వేరే దారి లేదు.

ఇంకో ప్రమాదం తెగుళ్ల పుస్తకాల్లో ఉండదు. గడ్డి కోసే మిషన్. గడ్డి శుభ్రం చేయడానికి పిలిచిన మనిషి తీగ తిరిగే మిషన్‌తో మొక్క మొదలు చుట్టూ కూడా నున్నగా కోసేస్తాడు. బెరడు మీద సన్నని ఉంగరంలా గాటు పడుతుంది. అప్పుడేమీ తెలియదు, ఆకులు కొన్ని వారాలు పచ్చగానే ఉంటాయి. ఆకులో తయారైన ఆహారం బెరడు గుండానే కిందికి వెళ్లాలి. ఆ దారి తెగిపోయింది కాబట్టి వేర్లు ఆకలితో చస్తాయి. ఒకరోజు చెట్టంతా ఎండిపోయి ఉంటుంది. మీరేమో నీళ్లు చాలలేదనుకుంటారు. పురుగు, రోగం కలిపి తీసిన మొక్కల కంటే ఈ మిషన్ తీసినవే నేను ఎక్కువ చూశాను. ప్రతి మొక్కకూ మూడు కర్రలు పాతి, గడ్డి కోసేవాళ్లకు ఎదురుగా నిలబడి చెప్పండి.

ఇప్పుడు "దానంతట అదే" అన్న మాట దగ్గరికి వద్దాం. ఇందులో నిజం ఉన్న సగం ఇది: చెట్లు వేరు పట్టాక నీళ్ల అవసరం బాగా తగ్గుతుంది. దున్నకపోవడంతో మట్టి లోపలి శిలీంధ్రాల అల్లిక తెగదు, వానపాములు నిలుస్తాయి, రాలిన ఆకు నేలను కప్పుతుంది. ఏడాదికోసారి విత్తనం వేసి పీకే పంటతో పోలిస్తే శ్రమ, నీరు, ఎరువు తక్కువే. నేలకు మంచిదన్న మాటలో నాకు అనుమానం లేదు.

నిజం లేని సగం ఎక్కడంటే, అడవిలో పండు రాలి అక్కడే కుళ్లుతుంది, పక్షి తిని అక్కడే రెట్ట వేస్తుంది. మన తోటలో పండు సంచిలో పడి ఇంటికి వెళ్తుంది. దానితో పొటాషియం, భాస్వరం కూడా వెళ్తాయి. అరటి అయితే పొటాషియం మరీ ఎక్కువ లాగుతుంది. తొక్కలు, వంటింటి చెత్త కంపోస్టుగా తిరిగి రాకపోతే అయిదారేళ్లకు కాపు సన్నబడుతుంది. నత్రజనిని గాలి నుంచి పట్టే చెట్లు పెట్టాం కదా అంటారు. అవి పొటాషియాన్ని పట్టలేవు. నత్రజని కూడా ఊరికే పక్కవాడికి పంచవు. గ్లిరిసీడియా, అవిసె లాంటివి పట్టిన నత్రజని ఎక్కువగా వాటి ఆకుల్లోనే ఉంటుంది. ఏడాదికి రెండు మూడు సార్లు కొమ్మలు నరికి పక్క చెట్టు పాదులో వేస్తేనే అది అందుతుంది. అసలు పడుతున్నాయో లేదో కూడా చూసుకోవచ్చు. కంది మొక్కనో అలసంద మొక్కనో వేర్లతో మెల్లగా తీసి వేరు మీది బుడిపెను గోరుతో చిదమండి. లోపల ఎర్రగా, గులాబీగా ఉంటే పని జరుగుతోంది. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే అద్దెకున్నట్టే, పనేమీ లేదు.

అయిదో ఏడు నుంచి ఎనిమిదో ఏడు లోపు ఇంకో పరీక్ష వస్తుంది. దీన్ని ముందే చెప్పేవాళ్లు తక్కువ. చెట్లు కలిసిపోతాయి, కింద చీకటి పడుతుంది. కూరగాయలకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, అది ఉండదు. ఎవరో ఒకరు కొమ్మలు కొట్టాలి, కొన్ని చెట్లనే తీసేయాలి. అప్పుడు మీటింగులో ఎవరో లేచి "చెట్టు నరకడమా!" అంటారు. మిగతావాళ్లు తల దించుకుంటారు. తోట నీడలో మగ్గిపోతుంది. అందుకే తాత్కాలికంగా పెట్టే చెట్లకు నాటిన రోజే ఎర్ర రంగు గుర్తు వేసి, ఏ ఏడాది తీసేస్తారో ప్లాన్ మీద రాసి, అందరి చేతా సంతకం పెట్టించండి. మునగ, అవిసె, గ్లిరిసీడియా వంటివి అలా వచ్చి పోయేవే. ఒక మూల మాత్రం ఎప్పటికీ చెట్టు పెట్టకుండా ఎండకు వదిలేయండి. కూరగాయలు అక్కడే. అన్నట్టు, ఫుడ్ ఫారెస్ట్ తిండిగింజలకు బదులు కాదు. పండ్లు, ఆకులు, దుంపలు, గింజలు బాగా వస్తాయి. అరవై కుటుంబాల వంటింటి ఖర్చంతా తీరిపోతుందని ఎవరైనా చెప్పుంటే ఆ ఆశ ఇప్పుడే తగ్గించండి, తర్వాత నిరుత్సాహం ఉండదు.

పండ్లు ఎవరివి? ఉమ్మడి నీళ్లను, చేపలను, అడవులను జనం చెడగొట్టుకోకుండా ఎలా వాడుకుంటారో దశాబ్దాలు చదివిన ఎలినోర్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ విభాగంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమె. ఆమె చూసిన వాటిలో నిలిచినవాటికి కొన్ని పోలికలు ఉన్నాయి. ఎవరికి హక్కుందో స్పష్టంగా ఉంటుంది. నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకుంటారు. ఎవరో ఒకరు గమనిస్తుంటారు. తప్పు చేస్తే మొదట చిన్న మందలింపు, మళ్లీ చేస్తేనే పెద్దది. తగవు వస్తే త్వరగా, ఖర్చు లేకుండా తేల్చుకునే చోటు ఉంటుంది. ఇవి తోటకు అచ్చంగా సరిపోతాయి.

బీకన్‌లో ఎవరైనా వచ్చి కోసుకోవచ్చు, పనిచేసిన వాళ్లే కావాలని లేదు. మీరు అలా పెట్టుకోవచ్చు, లేదా పనిచేసిన గంటల లెక్కన పంచుకోవచ్చు. రెండూ నడవడం చూశాను. ఏదీ తేల్చకుండా వదిలేయడం మాత్రం ఎక్కడా నడవలేదు. నాకైతే గంటల లెక్క నచ్చదు. ఆ గంటల పుస్తకం రాసేవాళ్లకు తోట కంటే పుస్తకమే పెద్ద టెన్షన్ అవుతుంది. నిత్యం కోసుకునే ఆకుకూర, మునగ, నిమ్మ లాంటివి ఎవరికైనా, ఎప్పుడైనా. ఒక్కసారిగా పండే పెద్ద చెట్లకు మాత్రం ఒక కోత రోజు పెట్టి, ఆ రోజు వచ్చిన అందరికీ పంచడం, ఇది నాకు బాగా కుదిరింది.

దొంగతనం గురించి అందరూ భయపడతారు. నా అనుభవంలో అసలు బెడద పచ్చికాయ కోత. మనం ఆగితే పక్కవాళ్లు కోసేస్తారన్న భయంతో పండక ముందే తెంపుతారు. మామిడి, అరటి, సపోటా, బొప్పాయి ముదిరాక కోస్తే ఇంట్లో పండుతాయి, కొంత నయం. నారింజ, దానిమ్మ, ద్రాక్ష, నేరేడు కోశాక పండవు. పుల్లగా ఉన్నది పుల్లగానే మిగిలి చెత్తబుట్టలో పడుతుంది. ఆ చెట్లకు "కోయవద్దు" అన్న బోర్డు పెడితే జనానికి కోపం వస్తుంది. పండిన కాయ ఏ రంగులో ఉంటుందో ఫోటో పెట్టి, "ఇలా అయ్యాక కోయండి, ఇంకో రెండు వారాలు" అని తేదీ రాసి పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది. కింద పడిన పండ్లు మాత్రం ఏ నియమం కోసమూ ఆగకూడదు. వాటిలో పండు ఈగ పిల్లలు పెరిగి వచ్చే కాపంతా పాడుచేస్తాయి, ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాములు. కాపు రోజుల్లో రోజు విడిచి రోజు ఏరి, నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి, లేదా లోతుగా పాతిపెట్టండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే పోటీ పడి చేస్తారు.

స్థలం కాగితం చూసుకున్నారా? చెట్టుకు ముప్పై ఏళ్ల ఆయుష్షు, నోటిమాటకు వచ్చే ఎన్నికల దాకా ఆయుష్షు. సంఘంలో కార్యవర్గం మారగానే ఇక్కడ పార్కింగ్ కావాలంటే మీ దగ్గర ఏముంది? కనీసం పదేళ్లకు తీర్మానం రాయించుకోండి. నీళ్ల కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటుందో, పురుగు మందులు, కలుపు మందులు కొట్టొచ్చా కూడదా అన్నవి కూడా అందులోనే ఉండాలి. ఎవరో మంచి ఉద్దేశంతో ఒక ఆదివారం కలుపు మందు కొట్టేసి వెళ్లడం నేను చూశాను. పక్కనున్న తీగలన్నీ వారంలో మాడిపోయాయి.

ఇప్పటికిప్పుడు మొక్కలేమీ కొనకండి. వచ్చే నాలుగు ఆదివారాలు ఉదయం ఏడింటికి స్థలం దగ్గరికి రమ్మని అరవై కుటుంబాలకూ చెప్పండి, చెత్త ఏరడానికి, రాళ్లు తీయడానికి. నాలుగు వారాలూ వచ్చినవాళ్ల పేర్లు రాసుకోండి. ఆ రెండు గుంతలు కూడా అప్పుడే తవ్వించండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ ఎక్కడ పడుతోందో ఒకే చోట నిలబడి మూడు ఫోటోలు తీయండి. ఎంతమంది తేలారు, నీళ్లు ఎన్ని గంటల్లో ఇంకాయి, కుళాయి స్థలానికి ఏ మూల ఉంది, ఈ మూడూ నాకు రాయండి. మొదటి 16 సెంట్లు ఏ వైపు తీసుకోవాలో, ఆ పన్నెండు పెద్ద చెట్లలో మొదటి నాలుగు ఎక్కడ పెట్టాలో అప్పుడు కలిసి గీద్దాం.